ఆఫీసుకు 11 కి.మీ. సైకిలు మీద: బయల్దేరే ముందు ఏమేం చూసుకోవాలి?

ఉదయపుతొక్కుడు

వచ్చే నెల నుంచి ఆఫీసుకు సైకిలు మీదే వెళ్లాలనుకుంటున్నాను. ఒకవైపు 11 కి.మీ. దారి దాదాపు చదునే, మధ్యలో పొడవాటి వంతెన ఒకటి ఎక్కి దిగాలి. సైకిలు హైబ్రిడ్ రకం. ముందు 3, వెనక 7 గేర్లు, టైర్లు 700×38, రిమ్మును పట్టే వీ-బ్రేకులు, చక్రాలకు నట్లు. రెండేళ్లుగా కదపకుండా ఓ మూల ఉంది. పైకి బాగానే కనిపిస్తోంది, గాలి కొడితే నిలుస్తోంది కూడా. నా బరువు 78 కిలోలు.

ఇన్నాళ్లు ఊరికే ఉన్న బండిలో ఇంట్లోనే చూసుకోదగ్గవి ఏమిటి, మెకానిక్కుకు వదిలేయాల్సినవి ఏమిటి? ల్యాప్‌టాప్, బట్టలు, భోజనం డబ్బా కలిపి 6 కిలోల దాకా ఉంటాయి, వీపు సంచి సరిపోతుందా? ఆఫీసులో స్నానానికి వీల్లేదు, ఇస్త్రీ చొక్కాతోనే కూర్చోవాలి. ఎంత సమయం పెట్టుకోవాలో కూడా చెప్పండి.

పాతపానా

గాలి నిలిచినంత మాత్రాన టైరు బాగున్నట్టు కాదండీ. కదలకుండా నిలబడ్డ సైకిలు టైర్లు ముందుగా పక్కల్లో చెడతాయి. గాలి పూర్తిగా తీసేసి, పక్కగోడను రెండు బొటనవేళ్ల మధ్య మడిచి చూడండి. వెంట్రుకంత పగుళ్లు రబ్బరు పైపొరలోనే ఉంటే కొన్నాళ్లు నడుస్తుంది. పగులు లోపల దారపు పోగులు కనబడితే మాత్రం ఆ టైరు రోడ్డెక్కకూడదు, నేలను తాకే గట్లు ఎంత కొత్తగా ఉన్నా సరే.

కొత్తది కొనాల్సి వస్తే 700×38 అన్న అంకె ఒక్కటే చూసి తేవద్దు. పక్కనే చిన్న అక్షరాల్లో 38-622 లాంటి అంకె ఉంటుంది. 622 అంటే టైరు అంచు కూర్చునే చోట రిమ్ము వ్యాసం, మిల్లీమీటర్లలో. అది కలిస్తేనే టైరు పడుతుంది. ఊరికే '28 అంగుళాలది ఇవ్వండి' అంటే 635 టైరు చేతికి రావచ్చు. 13 మి.మీ. తేడాతో అది ఆ రిమ్ము మీద నిలవదు. '26 అంగుళాలు' అనే మాటా అంతే నమ్మరానిది, 559, 590 రెండిటినీ ఆ పేరుతోనే పిలుస్తారు.

తర్వాత బ్రేకు రబ్బర్లు. గోటితో నొక్కితే కాస్తయినా దిగాలి. గాజులా మెరుస్తూ రాయిలా ఉంటే మార్చేయండి. మెత్తగానే ఉండి పైన మెరుపు తేలితే సాండ్‌పేపరు మీద నాలుగుసార్లు రుద్దితే చాలు. ఆ రుద్దేటప్పుడే రబ్బరు మీద వెలుతురు పడేలా పట్టుకుని చూడండి, అల్యూమినియం ముక్కలు చుక్కల్లా మెరుస్తూ గుచ్చుకుని ఉంటాయి. సూదితో ఒక్కొక్కటీ పెకలించాలి. వదిలేస్తే బ్రేకు వేసిన ప్రతిసారీ రిమ్మును గీకుతాయి, గీకిన రిమ్ము నుంచి ఇంకో ముక్క ఊడి రబ్బరులో దిగుతుంది. బ్రేకు వేస్తే సన్నగా బరబరమని చప్పుడు వచ్చే సైకిళ్లలో ఎక్కువగా ఇదే సంగతి. రిమ్మును స్పిరిట్‌లో తడిపిన గుడ్డతో తుడవండి. నూనె చేతులతో మాత్రం ముట్టొద్దు.

బ్రేకు తీగను రెండు చివర్లా చూడాలి. లివరు దగ్గర తీగ తల కూర్చునే గూడులో ఒక్క పోగు తెగి ఉన్నా తీగ మార్చాల్సిందే. అక్కడ తెగడం మొదలైతే మిగతా పోగులూ ఒకటొకటిగా పోతాయి, ఆఖరిది సరిగ్గా గట్టిగా బ్రేకు వేసినప్పుడే పోతుంది.

చైను అరుగుదల కొలవడానికి ఉక్కు స్కేలు చాలు. చైనును బిగలాగి పట్టి, ఒక పిన్ను మధ్య నుంచి లెక్కపెడుతూ 24 ఖాళీల తర్వాతి పిన్ను మధ్యకు కొలవండి. కొత్త చైనులో ఇది సరిగ్గా 304.8 మి.మీ., అంటే 12 అంగుళాలు. మీ 7 గేర్ల బండికి 307 దగ్గరికి వస్తే చైను మార్చే వేళ అయినట్టు. 308 దాటితే ఫ్రీవీలు (వెనక చక్రానికుండే పళ్ల చక్రాల గుత్తి) పళ్లు కూడా ఆ చైనుకు తగ్గట్టే అరిగి ఉంటాయి, అప్పుడు కొత్త చైను వేసినా వంతెన ఎక్కేటప్పుడు పళ్ల మీద నుంచి జారుతుంది.

ఇక ఏ భాగమైనా వదులై ఆడుతోందేమో చూడండి. ముందు బ్రేకు గట్టిగా పట్టి సైకిలును ముందుకీ వెనక్కీ ఊపితే హ్యాండిలు మెడ దగ్గర 'టక్' మంటే అది వదులైంది. చక్రాన్ని పైన పట్టుకుని అడ్డంగా ఊపితే హబ్బు (చక్రం మధ్య ఇరుసు గూడు) సంగతి తెలుస్తుంది, పెడలు కాడను లోపలికీ బయటికీ ఊపితే బీబీ (పెడలు కాడలు తిరిగే ఇరుసు) సంగతి. హబ్బు, మెడ, బీబీ, చక్రం వంకర తీయడం, ఇవి నాలుగూ మెకానిక్కు పనులు. మిగతావన్నీ 4, 5, 6 మి.మీ. అలెన్ కీలు, 15 మి.మీ. పానాతో ఇంట్లో అయ్యేవే. గాలి టైరు మీద రాసిన గరిష్ఠం దాకా కొట్టుకుంటే సరి.

గాలిగేజీ

పాతపానా గారు చెప్పినదంతా నిజం, చివరి వాక్యం తప్ప. టైరు మీద రాసిన గరిష్ఠం అంటే అంతకు మించొద్దన్న హద్దు. అంత కొట్టమని కాదు. 38 మి.మీ. టైరును 75 పీఎస్‌ఐకి బిగిస్తే రోడ్డు మీది ప్రతి గతుకూ మణికట్టుకు చేరుతుంది. తడి మలుపులో పట్టూ తగ్గుతుంది. టైరు కాస్త అణిగి గతుకును మింగేయాలి, లేకపోతే మొత్తం సైకిలే గతుకు మీద ఎగురుతుంది, ఆ ఎగిరిన శ్రమంతా తొక్కేవాడి కాళ్లదే.

మనిషి 78, సైకిలు ఒక 14, సామాను 6, మొత్తం 98 కిలోలు. ఇందులో సుమారు 60 శాతం వెనక చక్రం మీద పడుతుంది, సామాను వెనక కడితే ఇంకాస్త ఎక్కువ. కాబట్టి ముందు 45–50, వెనక 55–60 పీఎస్‌ఐతో మొదలుపెట్టండి. టైరు మీద కనిష్ఠం రాసి ఉంటే అంతకు దిగొద్దు. సైకిలెక్కి కూర్చున్నాక గతుకు మీద రిమ్ము నేలకు తగిలినట్టు 'ఠక్' మంటే 5 పెంచండి. వేలితో నొక్కి చూడటం లెక్కలోకి రాదు, 40కీ 60కీ తేడా వేలికి తెలియదు. గేజీ ఉన్న నేల పంపు ఒకటి ఇంట్లో ఉండటం మంచిది. పంక్చరు లేకపోయినా ట్యూబు రబ్బరు గుండా గాలి మెల్లగా పోతూనే ఉంటుంది, అందుకే వారానికోసారి కొట్టడం తప్పదు. రోజూ తొక్కేవాళ్లు చాలాసార్లు 'ఈ మధ్య తొక్కడం కష్టంగా ఉంది' అనడానికి కారణం కాళ్లు కాదు, ఈ గాలే.

పాతపానా

ఒప్పుకుంటున్నానండీ, గరిష్ఠం మాట వెనక్కి తీసుకుంటున్నాను. సన్నటి పాత టైర్ల లెక్క అది, 38కి తగదు.

వెనకసంచి

సామాను, చెమట అని మీరు రెండు ప్రశ్నలుగా అడిగారు గానీ అవి ఒకటే. వీపు సంచి పెట్టుకుంటే వీపుకు గాలి తగలదు, మిగతా ఒళ్లు ఆరినా వీపు మధ్యలో సంచి ఆకారంలో తడి మిగిలిపోతుంది. 6 కిలోలు భుజాల మీద ఉంటే ఆ బరువు సీటు మీదా మణికట్ల మీదా పడుతుంది. అందుకని వెనక క్యారియరు బిగించి, పక్కకు తగిలించే సంచి పెట్టుకోండి. క్యారియరు మీద ఎన్ని కిలోలు మోస్తుందో ముద్రించి ఉంటుంది, 25 కిలోలది మీ పనికి ఎక్కువే.

క్యారియరు బిగించే 5 మి.మీ. బోల్టులు ఊపుకు వదులవుతాయి. మరకు ఒక చుక్క థ్రెడ్‌లాక్ (మర వదులవకుండా పట్టే జిగురు) వేసి బిగించండి, మొదటి 50 కి.మీ. తర్వాత మళ్లీ పట్టి చూడండి. సంచి తగిలించాక సీటు మీద కూర్చుని పెడలును వెనక్కి తిప్పండి. మడమ సంచికి తగిలితే కొక్కేలను వెనక్కి జరపాలి. వేలాడే పట్టీలన్నీ లోపలికి దోపేయండి, ఒక్క పట్టీ పుల్లల్లో పడిందంటే చక్రం అక్కడికక్కడే బిగుసుకుంటుంది. హ్యాండిలుకు సంచి తగిలించడం అసలు వద్దు. ముందు చక్రంలోకి వెళ్లిందంటే మనిషి హ్యాండిలు మీద నుంచి ముందుకు పడతాడు.

ల్యాప్‌టాప్ నిలువుగా, సంచి లోపలి గోడ వైపు, అడుగున మడిచిన తువ్వాలు మీద ఉండాలి. అడుగున తగిలే దెబ్బలే దానికి చేటు. డబ్బా బరువుది కాబట్టి అడుగున, ల్యాప్‌టాప్‌కు ఆనకుండా. సంచి వాన ఆపుతుందని రాసి ఉన్నా ల్యాప్‌టాప్‌ను విడిగా ఒక ప్లాస్టిక్ సంచిలో చుట్టండి.

చొక్కాను నలుచదరంగా మడిస్తే మడత గీతలు పడతాయి. బొత్తాలు పెట్టి, చేతులు వెనక్కి మడిచి, తువ్వాలును లోపల ఉంచి చాపలా చుట్టండి, దాదాపు ఇస్త్రీ పోకుండా వస్తుంది. బూట్లు, బెల్టు ఆఫీసులోనే వదిలేస్తే రోజూ కిలో పైన మోత తగ్గుతుంది.

చెమట విషయంలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. చేరగానే బాత్‌రూముకు పరుగెత్తి చొక్కా మార్చేస్తారు. తొక్కుతున్నంతసేపూ గాలి తగిలి చెమట ఆరుతూ ఉంటుంది, ఆగగానే గాలి ఆగిపోతుంది గానీ ఒంటి వేడి మాత్రం అలాగే ఉంటుంది. అందుకే ఆగిన తర్వాతి పది నిమిషాల్లోనే ఎక్కువ చెమట కనబడుతుంది. ఆఖరి 1–2 కి.మీ. తేలిక గేరులో నెమ్మదిగా రండి. దిగాక పది నిమిషాలు నీడలో నిలబడండి, నీళ్లు తాగండి. ఆ తర్వాత తడిపిన చిన్న తువ్వాలుతో ముఖం, మెడ, చంకలు, వీపు తుడిచి, పొడిగుడ్డతో ఆర్చి అప్పుడు చొక్కా వేసుకోండి. చెమట దానంతటదే వాసన రాదు, చర్మం మీది సూక్ష్మజీవులు దాన్ని మారిస్తే వస్తుంది. ఉదయం స్నానం చేసి బయల్దేరినవాళ్లకు తడిగుడ్డ సరిపోవడానికి కారణం అదే. తొక్కేటప్పుడు వేసుకునే బనీను నూలుది కాకుండా త్వరగా ఆరేది తీసుకుని, సాయంత్రం దాకా గాలి తగిలేలా ఆరేయండి.

సమయం: సిగ్నళ్లు, మలుపులు కలుపుకుని మొదట్లో గంటకు 15 కి.మీ. లెక్క వేసుకోండి, అంటే 45 నిమిషాలు. దానికి చల్లబడటం, మార్చుకోవడం 20 నిమిషాలు. సెలవు రోజు ఒకసారి దారి చూసుకోండి గానీ ఆ సమయాన్ని నమ్మొద్దు. మామూలు రోజున అదే వేళకు వెళ్తేనే అసలు లెక్క తెలుస్తుంది. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు చాలు, కాళ్ల కంటే ముందు పిరుదులు అలవాటు పడాలి.

ఉదయపుతొక్కుడు

ఇంత వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలు. చూసినవి రాస్తున్నాను. చైను 307 మి.మీ. వచ్చింది. ముందు టైరు బాగుంది, వెనక దాని పక్కగోడలో ఒకచోట పోగులు కనబడుతున్నాయి, మార్చేస్తాను. రబ్బర్లు కొత్తవి వేశాను, ఇప్పుడు ముందు బ్రేకు కీచుమంటోంది. వీధిలో అరగంట తొక్కితే మోకాలి చిప్ప ముందు వైపు నొప్పి. పెడళ్లు మారుద్దామంటే కుడిది వచ్చింది, ఎడమది ఎంత తిప్పినా కదలడం లేదు.

పాతపానా

ఎడమ పెడలు మీద బలం పెట్టడం ఆపండి ముందు! దాని మర తిరగేసి ఉంటుంది. కుడి పెడలు మామూలుగా ఎడమకు తిప్పితే ఊడుతుంది, ఎడమ పెడలు కుడికి తిప్పితే ఊడుతుంది. రెండిటికీ వర్తించే గుర్తు ఒకటుంది: పానా పెడలు మీద పెట్టి పైభాగాన్ని సైకిలు వెనక వైపుకు లాగితే ఊడుతుంది, ముందు వైపుకు నెడితే బిగుస్తుంది. ఇప్పటిదాకా మీరు బిగిస్తూ వచ్చారు కాబట్టి పొడవాటి పానా కావాలి. మరలో రెండు చుక్కలు నూనె వేసి రాత్రంతా వదిలేయండి. కొత్తవి వేసేటప్పుడు మరకు గ్రీజు రాసి, మొదటి నాలుగైదు చుట్లు వేళ్లతోనే తిప్పండి. వేళ్లతో తిరగకపోతే మర అడ్డంగా పడుతోందని అర్థం, పానాతో నెట్టితే కాడ మర మొత్తం పోతుంది.

మోకాలి చిప్ప ముందు నొప్పికి మొదట అనుమానించాల్సింది సీటు తక్కువ ఎత్తులో ఉండటం. గోడకు ఆనుకుని సీటు మీద కూర్చోండి, పెడలును అడుగుకు తెచ్చి మడమను దాని మీద పెట్టండి. కాలు పూర్తిగా చాచుకోవాలి, నడుము ఒక పక్కకు ఒరగకూడదు. అప్పుడు పాదం ముందు భాగంతో తొక్కితే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది, అదే కావాల్సింది. లెక్కతో చూడాలంటే గజ్జల నుంచి నేలదాకా కాలి పొడవు కొలిచి 0.883తో గుణించండి. పెడలు కాడలు తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైకి అంత దూరం ఉండాలి. 80 సెం.మీ. కాలుకు 70.6 వస్తుంది. సీటును ఒకేసారి ఎత్తేయకుండా 5 మి.మీ. చొప్పున పెంచుతూ రెండు మూడు రోజులు తొక్కి చూడండి. మోకాలు వెనక నొప్పి మొదలైతే ఎక్కువైనట్టు. సీటు కాడ మీద ఒక గీత ఉంటుంది, అది ఫ్రేములోంచి బయటికి రాకూడదు. సీటు ఎత్తాక ఆగినప్పుడు రెండు పాదాలూ నేలకు ఆనవు, చాలామంది దీనికి భయపడే సీటు దించుకుంటారు. ఆగేటప్పుడు సీటు మీద నుంచి ముందుకు దిగి నిలబడటం అలవాటు చేసుకోండి.

రెండో కారణం బరువైన గేరు. కుడి మోకాలు 30 సెకన్లలో ఎన్నిసార్లు పైకి వస్తుందో లెక్కపెట్టండి. 35 నుంచి 45 ఉండాలి, అంటే నిమిషానికి 70–90 చుట్లు. 25 వస్తుంటే గేరు దించండి. వంతెన మొదలయ్యాక, కాలు మొత్తం బలం పెట్టి తొక్కుతున్నప్పుడు గేరు మార్చితే చైను కరకరలాడుతుంది, ఒక్కోసారి పడిపోతుంది. ఎత్తు మొదలయ్యే ముందే దించుకోవాలి. సిగ్నలు దగ్గర కూడా అంతే, ఆగక ముందే దించి పెట్టుకుంటే బయల్దేరడం తేలిక.

కీచు చప్పుడుకు: రబ్బరు మొత్తం ఒకేసారి రిమ్మును తాకకూడదు. ముందు కొన ముందు తాకి, వెనక కొన దగ్గర సుమారు 1 మి.మీ. సందు ఉండాలి. రబ్బరు బోల్టు వదులు చేసి, రబ్బరు వెనక కొనకూ రిమ్ముకూ మధ్య మడిచిన అట్టముక్క పెట్టి, లివరును నొక్కి పట్టి, అలాగే బోల్టు బిగించండి. అట్ట తీసేస్తే సందు దానంతటదే వస్తుంది. రబ్బరు టైరును తాకకుండా, రిమ్ము కింది అంచు దాటకుండా ఉందో లేదో కూడా అప్పుడే చూడండి. టైరును రాసుకునే రబ్బరు కొద్ది రోజుల్లోనే పక్కగోడను కోసేస్తుంది. మీ వెనక టైరు పోగులు ఒకచోటే బయటపడ్డాయన్నారు. చుట్టూ గీతలా అరుగు ఉంటే అది ఎండ పని కాదు, బ్రేకు రబ్బరు పని. కొత్త టైరు వేసే ముందే సరిచేయండి.

చైను 307 వచ్చింది కాబట్టి ఇప్పుడే మార్చండి, ఫ్రీవీలు దక్కుతుంది. 6, 7, 8 గేర్లకు ఒకటే వెడల్పు చైను, ఎక్కడైనా దొరుకుతుంది. కొత్త చైనును పాతదాని పక్కన వేలాడదీసి పొడవు చూసి తుంచొద్దు, పాతది సాగి ఉంటుంది. లంకెలు లెక్కపెట్టి తుంచండి.

నూనె వేయడం: ఒక్కో రోలరు మీద ఒక్క చుక్క, పెడలు వెనక్కి తిప్పుతూ. పది నిమిషాలు ఆగి, పొడి గుడ్డతో చైను పైదంతా తుడిచేయాలి. నూనె పని చేసేది రోలరు లోపల. పైన మిగిలిన జిడ్డు దుమ్మును పట్టి నల్లటి ముద్దయి చైనును సాండ్‌పేపరులా అరగదీస్తుంది. వారం వారం తుడవడం, 200 కి.మీ.కి ఒకసారి నూనె, వానలో తడిస్తే అదే రోజు.

ఎర్రదీపం

సైకిలు సిద్ధమైనట్టే కాబట్టి రోడ్డు మాట. కొత్తగా తొక్కేవాళ్లు భయంతో రోడ్డు అంచును అంటుకుని పోతారు. ప్రమాదం అక్కడే ఎక్కువ. ఆగి ఉన్న కారు తలుపు తెరిస్తే ఒక మీటరు దాకా బయటికి వస్తుంది. ఆగి ఉన్న కార్ల వరుసకు మీటరు పైనే ఎడం ఉంచండి. వరుస మధ్యలో ఖాళీ కనబడగానే లోపలికి దూరి, మళ్లీ బయటికి రావద్దు. వెనక వచ్చేవాళ్లకు సైకిలు మాయమై హఠాత్తుగా ప్రత్యక్షమైనట్టు ఉంటుంది. ఒకే గీతలో పోతే వెనక వాహనం ఎలా దాటాలో ముందే అనుకుంటుంది.

బస్సు, లారీ సిగ్నలు దగ్గర ఆగి ఉంటే దానికీ అంచుకూ మధ్య సందులోకి వెళ్లకండి, ఎంత ఖాళీ కనబడ్డా. అది అంచు వైపు తిరిగితే వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుని వస్తాయి. పక్కనున్న సైకిలు ఆ డ్రైవరుకు అద్దంలో కనబడదు. వెనకే ఆగండి.

మలుపు తిరగాలంటే వరుస ఇదీ: భుజం మీదుగా వెనక్కి చూడటం, చెయ్యి చాపడం, మళ్లీ చూడటం, అప్పుడు జరగడం. వెనక్కి చూస్తే హ్యాండిలు కూడా ఆ వైపే తిరిగిపోతుంది మొదట్లో. ఖాళీ మైదానంలో నేల మీద గీత వెంట పోతూ వెనక్కి చూడటం సాధన చేయండి, గీత తప్పకుండా వచ్చేదాకా.

వాన తడిలో రోడ్డు మీది తెల్ల పెయింటు, ఇనుప మూతలు సబ్బు రాసినట్టు ఉంటాయి. వాటి మీద బ్రేకు వేయొద్దు, హ్యాండిలు తిప్పొద్దు. పట్టాలు దాటేటప్పుడు వీలైనంత అడ్డంగా దాటండి. రిమ్ము బ్రేకులు తడిసినప్పుడు మొదటి చుట్లలో పట్టవు, రబ్బరు నీటిని తుడిచాకే పట్టు వస్తుంది. కాబట్టి ఆగాల్సిన చోటికి చాలా ముందే లివరును తేలిగ్గా తాకించి రిమ్మును ఆర్చుకోవాలి. ఎక్కువ ఆపేది ముందు బ్రేకే. దానికి భయపడి వెనకది ఒక్కటే వేస్తే చక్రం బిగుసుకుని జారుతుంది. రెండూ కలిపి, ఒంటిని కాస్త వెనక్కి జరిపి వేయండి.

దీపాలు: ముందు తెలుపు, వెనక ఎరుపు. వీధి దీపాలున్న చోట ముందు 200–400 ల్యూమెన్లు చాలు, చీకటి దారైతే 600 పైన. వెలుగు మధ్య భాగం 8–10 మీటర్ల దూరంలో నేలను తాకేలా వంచండి, నేరుగా పెడితే ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. వెనక దీపం బిగించాక సంచి తగిలించి, పది అడుగులు వెనక్కి నడిచి చూడండి, చాలాసార్లు సంచే దాన్ని కప్పేస్తుంది. మినుకుమినుకుమనే దీపం చూపును లాగుతుంది గానీ ఎంత దూరంలో ఉందో అంచనాకు నిలకడ దీపమే మేలు. రెండు పెట్టుకుంటే రెండు రకాలూ పెట్టుకోవచ్చు. చీలమండలకు మెరిసే పట్టీలు తప్పకుండా కట్టండి. పైకీ కిందికీ ఆడే మెరుపును చూడగానే అది తొక్కుతున్న మనిషి అని డ్రైవరుకు తెలిసిపోతుంది. చైను వైపు ప్యాంటు అంచునూ ఆ పట్టీయే పట్టి ఉంచుతుంది.

వంతెన మీదికి సైకిళ్లను అనుమతిస్తారో లేదో బోర్డు చూసుకోండి. లేదంటే కింది దారి పట్టాలి. 2 కి.మీ. పెరిగినా లోపలి వీధుల దారే రోజూ తొక్కడానికి హాయి.

ఉదయపుతొక్కుడు

పెడలు ఊడింది! వెనక టైరు చుట్టూ గీత కూడా ఉంది, రబ్బరు సరిచేశాను. మిగిలింది ఒక్కటే, దారిలో పంక్చరైతే? వెనక చక్రం విప్పడమంటే భయంగా ఉంది.

గాలిగేజీ

ఇంట్లో రెండుసార్లు విప్పి పెడితే భయం పోతుంది. వెంట ఉండాల్సినవి: ఒక కొత్త ట్యూబు, రెండు టైరు లివర్లు, చిన్న పంపు, 15 మి.మీ. పానా, అలెన్ కీలు, పాత గుడ్డ. రోడ్డు మీద అతుకు వేయడం పెట్టుకోవద్దు, ట్యూబు మార్చి వెళ్లిపోండి, అతుకు ఇంట్లో.

చైనును వెనక అతి చిన్న పళ్ల చక్రం మీదికి తెచ్చి, బ్రేకు తీగ వంపు గొట్టాన్ని కొక్కెం నుంచి తప్పించండి, బ్రేకు చేతులు విచ్చుకుంటాయి. సైకిలు తిరగేసి నట్లు వదులు చేసి చక్రం ఎత్తితే వచ్చేస్తుంది. మిగిలిన గాలి పూర్తిగా తీసేసి టైరు అంచును చుట్టూ రిమ్ము మధ్య గుంటలోకి నొక్కండి. ఇది చేయకుండా లివరు పెడితే ఎంత బలం పెట్టినా రాదు, ట్యూబు నలుగుతుంది.

ట్యూబు బయటికి తీశాక పారేయకుండా గాలి కొట్టి రంధ్రం ఎక్కడుందో చూడండి, అదే కారణం చెబుతుంది. బయటి వైపు ఒక్క రంధ్రం ఉంటే ముల్లు, గాజు. పక్కపక్కన రెండు చిన్న చీలికలుంటే గాలి తక్కువై గతుకులో రిమ్ము ట్యూబును కొరికింది. లోపలి వైపు, పుల్లల దిక్కున ఉంటే రిమ్ము పట్టీ జరిగి పుల్ల తల గుచ్చుకుంది. వాల్వు మొదట్లో చిరిగితే టైరు రిమ్ము మీద జారి వాల్వును లాగింది, అదీ తక్కువ గాలి పనే.

ముల్లు టైరులోనే ఉండిపోతే కొత్త ట్యూబు పది నిమిషాల్లో పోతుంది. గుడ్డతో టైరు లోపలంతా చుట్టూ తుడవండి, ముల్లు దగ్గర గుడ్డ పట్టుకుంటుంది. ఒట్టి వేళ్లతో వద్దు, గాజు కోస్తుంది. వెతుకులాట తగ్గాలంటే టైరు బిగించేటప్పుడే పేరు ముద్రించిన చోటును వాల్వుకు ఎదురుగా పెట్టుకోండి. ట్యూబులో రంధ్రం వాల్వు నుంచి జానెడు దూరంలో ఉంటే టైరులో పేరు నుంచి అటో ఇటో జానెడు దూరంలో చూస్తే చాలు.

కొత్త ట్యూబులో గుండ్రంగా నిలిచేంత గాలి కొట్టి లోపల పెట్టండి, మెలిక పడదు. టైరు అంచును చేతులతో ఎక్కిస్తూ వాల్వు దగ్గర ముగించండి, ఆఖరి జానెడూ బొటనవేళ్లతోనే. లివరుతో ఎక్కిస్తే కొత్త ట్యూబును అదే కొరుకుతుంది. ఎక్కాక వాల్వును ఒకసారి లోపలికి నొక్కి వదలండి, అంచు కింద చిక్కిన ట్యూబు తప్పుకుంటుంది. సగం గాలి కొట్టి, టైరు పక్కన రిమ్ము వెంట ఉండే సన్నటి గీత చుట్టూ ఒకే ఎత్తులో ఉందో లేదో చూసి మిగతా గాలి కొట్టండి.

ఇంట్లో అతుకు: రంధ్రం చుట్టూ అతుకు కంటే పెద్దగా సాండ్‌పేపరుతో రుద్ది, సొల్యూషన్ పలచగా పూసి, ఐదు నిమిషాలు ఆరనివ్వండి. తడిగా ఉండగానే అతికించడం వల్లే అతుకులు ఊడతాయి. వేలికి అంటుకోనంత ఆరాక అతుకు వేసి, మధ్య నుంచి అంచులకు గట్టిగా నొక్కండి.

వెనకసంచి

తాళం మాట ఎవరూ అనలేదు. వీలైతే లోపల పెట్టుకోండి. బయటైతే 'యు' ఆకారపు తాళాన్ని వెనక చక్రం రిమ్మును, ఫ్రేము వెనక ముక్కోణాన్ని, కదలని కంబాన్ని కలిపి వేయండి. పొట్టి కంబం వద్దు, సైకిలును పైకెత్తి తీసేస్తారు. తీగ తాళం ముందు చక్రానికి తోడుగానే పనికొస్తుంది, ఒంటరిగా కాదు. దీపాలు, పంపు విప్పి సంచిలో వేసుకోండి. తాళం చెవి రంధ్రం కిందికి ఉండేలా వేస్తే వాన నీరు దిగదు.

ఉదయపుతొక్కుడు

వెనక చక్రం రెండుసార్లు విప్పి బిగించాను. మొదటిసారి 40 నిమిషాలు, రెండోసారి 15. రెండోసారి పెట్టాక చక్రం ఒక పక్క బ్రేకు రబ్బరుకు రాసుకుంటోంది. చక్రం వంకరా, బిగింపు తేడానా?

పాతపానా

చక్రం తిప్పి చూడండి. చుట్టంతా ఒకే పక్క ఆనితే బిగింపు తేడా. నట్లు వదులు చేసి, ఇరుసును గాడి లోపలి చివరిదాకా నెట్టి పట్టుకుని, రెండు నట్లనూ మార్చి మార్చి కొంచెం కొంచెం బిగించండి. చుట్టులో ఒక్కచోటే ఆనితే వంకర, అది మెకానిక్కుకు. ఇంకోటి, బ్రేకు వంపు గొట్టం తిరిగి కొక్కెంలో పెట్టారో లేదో లివరు నొక్కి చూశాకే సైకిలెక్కండి.